పాత యుద్ధ సినిమా, ఫ్లెక్స్ తెర, ‘బాగుంది’ అనే జవాబు: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

పని ఇది: 1930 నాటి యుద్ధ సినిమా ‘ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ను ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగువాళ్లకి చూపించి, చూసినవాళ్లు నిజంగా ఏమనుకున్నారో రాసి పెట్టుకోవడం. వీధి వాకిట్లో రెండు షోలు, పోల్చడానికి 2022 నాటి కొత్త సినిమాతో ఇంట్లో ఒక చిన్న షో అయ్యాయి. టిక్కెట్టు లేదు. నాది జిరాక్స్, డీటీపీ కొట్టు. సినిమా పని నాకు కొత్త. ఇలాంటిది ఇంకెవరైనా చేస్తే నా తప్పులు మళ్లీ చెయ్యక్కర్లేదని ఈ డైరీ.

సినిమా తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాస్టారు ఒకాయన క్లాసులో దేశం గురించి ఉపన్యాసం ఇస్తాడు. కుర్రాళ్లు బెంచీలు దిగి నేరుగా సైన్యంలో చేరతారు. ఆ తర్వాత ఒక్కొక్కరే పోతారు. దీనికి మూలం రెమార్క్ అనే జర్మన్ రచయిత నవల, 1929లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాదే లూయిస్ మైల్‌స్టోన్ సినిమా తీశాడు, ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు రెండూ వచ్చాయి. మన చట్టంలో సినిమా మీద కాపీరైటు 60 ఏళ్లే, అది ఎప్పుడో తీరిపోయింది.

దశ 1: తెలుగు సబ్‌టైటిల్స్

మొత్తం 1,140 లైన్లు. ఒక్కో లైను 28 అక్షరాలు మించకూడదని పెట్టుకున్నాను. మా ఆవిడని కూర్చోబెట్టి ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూస్తే రెండు సెకన్లలో హాయిగా చదవగలిగింది 5 మాటలు. అంతకన్నా పొడుగున్నవన్నీ కోశాను.

మొదటి దెబ్బ: నా దగ్గర రెండు కాపీలున్నాయి. ఒకటి 2 గంటల 13 నిమిషాలు, రెండోది దాదాపు 2 గంటల 8 నిమిషాలు. ఐదు నిమిషాలు ఎక్కడో కత్తిరించారనుకుని, చిన్నది తేలిక కదా అని దాని మీదే టైమింగ్ అంతా కట్టాను. తర్వాత బొమ్మ బాగుందని పెద్ద కాపీ మీద వేసి చూస్తే మొదటి నిమిషంలో రెండు సెకన్లు ముందొచ్చింది. పరవాలేదు, కాస్త జరుపుదాం అనుకున్నాను. పది నిమిషాలయ్యేసరికి 24 సెకన్లు ముందుకి పోయింది. మాస్టారి మాటలు కుర్రాళ్ల నోట్లో పడ్డాయి.

కోత ఎక్కడా లేదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది. యూరప్ టీవీ కాపీ 25 ఫ్రేములు నడుస్తుంది. అదే సినిమా కొంచెం తొందరగా పరిగెడుతోంది, అంతే. జరిపితే కుదరదు, సాగదియ్యాలి.

1. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ఫ్రేమ్ రేటు 25 నుంచి 24కి మార్చాలి.
2. మొదటి మాట, ఆఖరి మాట రెండూ సరిపోయాయా చూడాలి. మొదటిది ఒక్కటే చూసి సంబరపడకూడదు.
3. మధ్యలో ఇంకో మూడు చోట్ల చూడాలి.

రెండో దెబ్బ: ప్రొజెక్టర్‌లో పెన్‌డ్రైవ్ పెడితే ఒత్తులన్నీ విడిపోయాయి. ‘యుద్ధం’లో ద కింద ధ రావాలా, పక్కన విడిగా నిలబడింది. కొన్ని చోట్ల డబ్బాలే. ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) సేవ్ చేసినా అంతే. ఆ ప్రొజెక్టర్ ప్లేయర్‌కి తెలుగు కట్టడం రాదు. చివరికి నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో అక్షరాలని బొమ్మలోనే అచ్చు వేసేశాను. పాత లాప్‌టాప్ కదా, ఒక రాత్రి పట్టింది.

ఇప్పటికి: ఖర్చు 0, గంటలు 47.

దశ 2: తెర, వెలుగు, శబ్దం

ప్రొజెక్టర్ అద్దె రాత్రికి 600. డబ్బా మీద ల్యూమెన్లు (వెలుగు కొలత) వేలల్లో రాసి ఉన్నాయి, నమ్మకండి. తెల్ల దుప్పటి మీద 14 అడుగుల నుంచి వేస్తే కందకాల్లో రాత్రి సీను అంతా బొగ్గు. వెలుగు సగం దుప్పటిలోంచి అవతలికి పోయి వెనకింటి గోడ మీద పడుతోంది. ఆ ఇంటి పిల్లలు అక్కడ బొమ్మ తిరగేసి చూసేశారు. పైగా ఈ పాత సినిమా బొమ్మ చదరానికి దగ్గరగా ఉంటుంది. వెడల్పు ప్రొజెక్టర్‌లో రెండు పక్కలా నల్లగా పోయి నాలుగో వంతు వెలుగు వృథా.

మార్చినవి:

1. దుప్పటి తీసేసి, వెనక నల్లగా ఉండే ఫ్లెక్స్, అచ్చు వెయ్యనిది, 8 అడుగులు x 6 అడుగులు. చదరపు అడుగు 16, మొత్తం 768.
2. రెండు వెదురు గెడలు, తాడు: 240.
3. ప్రొజెక్టర్‌ని 10 అడుగులకి దగ్గర చేశాను. బొమ్మ చిన్నదైంది, ముఖాలు కనపడ్డాయి. పెద్ద తెర మోజు వదులుకోవాలి.
4. ఫ్లెక్స్ మెరుపుకి నడిమధ్యలో మెరిసే మచ్చ పడుతోంది. పై అంచుని నాలుగు అంగుళాలు ముందుకి వంచితే పోయింది.

శబ్దానికి భజన మండలి స్పీకర్ అరువు. ఫిరంగి పేలితే గరగర. బాస్ బాగా తగ్గించి మధ్య స్వరాలు పెంచాక మాటలు తేలాయి. ఈ సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేదు. మన సినిమాలకి అలవాటు పడిన చెవికి ఆ నిశ్శబ్దం గాబరాగా ఉంటుంది. ఇన్వర్టర్ గుయ్ మనడం కూడా వినపడుతుంది. ట్రయల్ రాత్రి ఒకాయన అడిగాడు: ‘సౌండ్ పోయిందేటి?’

ట్రయల్, మొదటి షో కలిపి ప్రొజెక్టర్ అద్దె 1,200.

ఇప్పటికి: ఖర్చు 2,208, గంటలు 55.

దశ 3: మొదటి షో, ఫారాల పరువు పోవడం

చూసినవాళ్లు 23 మంది. రిటైరైన హవల్దారు ఒకాయన (మాకు మావయ్య వరస), రిటైరైన లెక్కల మాస్టారు, బడిలో మధ్యాహ్న భోజనం వండే అప్ప, ఆర్మీకి పరుగు ప్రాక్టీసు చేస్తున్న ఐదుగురు కుర్రాళ్లు, మిగతా వీధివాళ్లు. టీలకి 460.

పది ప్రశ్నల ఫారం అచ్చు వేశాను, జిరాక్స్ ఖర్చు 80. సినిమా అయ్యాక రాత్రి పదిన్నరకి పంచాను. తొమ్మిది మంది జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. తిరిగొచ్చినవి 14. అందులో ‘బాగుంది’, ‘చాలా బాగుంది’, ‘మంచి ప్రయత్నం’ 11. ఒకటి పేరు మాత్రమే. పనికొచ్చినవి రెండు.

తప్పు జనానిది కాదు. ఒకటి: టీ ఇచ్చి, కుర్చీ వేసి, ఊరకే సినిమా చూపించినవాడి మొహం మీద బాగోలేదని ఎవరు రాస్తారు? రెండు: నా ప్రశ్నలు. మూడో ప్రశ్న ‘యుద్ధం ఎంత వ్యర్థమో ఈ సినిమా చూపించిందా?’ జవాబు నేనే రాసి పెట్టి సంతకం అడిగినట్టు. పద్నాలుగు ‘అవును’లు రావాలి, పేరొక్కటే రాసినాయన తప్ప అందరూ అదే రాశారు. ఎనిమిదోది ఇంకా ఘోరం: ‘ఈ సినిమా చూశాక సైన్యంలో చేరాలన్న ఆలోచన మారిందా?’ ఐదుగురు కుర్రాళ్లూ ‘లేదు’ అని ఒకే పెన్నుతో రాసిచ్చారు.

మావయ్య ఆ ఫారం నా చేతిలోంచి తీసుకుని చదివి, ‘ఎనిమిదోది నువ్వెందుకడిగావు? వాళ్లకి నెల జీతం నువ్విస్తావా?’ అన్నాడు. సమాధానం లేదు. ఇప్పుడు అగ్నిపథ్‌లో నాలుగేళ్లే నౌకరీ, అందులో నూటికి పాతిక మందికే ఆ తర్వాత ఉండే అవకాశం. అది కూడా తెలిసే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు పరిగెత్తితే పూర్తి మార్కులని తెల్లారకుండా గ్రౌండుకి పోతున్నారు. సినిమాలో కుర్రాళ్లకి భ్రమ ఉంది, అది విరిగింది. వీళ్ల దగ్గర భ్రమ ఉందని నేనెలా అనుకున్నాను?

మూడో దెబ్బ ఆ రాత్రే చీకట్లో వినపడింది. వెనక వరసలో ఒకడు పక్కవాణ్ణి ‘ఏటంతన్నాడ్రా?’ అని గొణిగాడు. అక్షరాలు తెర మీదే ఉన్నాయి! మర్నాడు లెక్క వేశాను. 23 మందిలో తెలుగు గబగబా చదవగలిగినవాళ్లు 11, కూడబలుక్కునేవాళ్లు 5, అసలు రానివాళ్లు 7. కుర్రాళ్లంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదివింది ఒడియా మీడియం. అన్ని గంటలు కూర్చుని కొట్టిన తెలుగు సగం మందికి ముగ్గులా కనపడింది. ఈ ఊళ్లో పుట్టి, పెళ్లికార్డులు తెలుగులో వేయించుకునేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారని కొట్లో నేనే అంటుంటాను. అయినా తట్టలేదు.

ఇప్పటికి: ఖర్చు 2,748, చూసినవాళ్లు 23, పనికొచ్చే అభిప్రాయాలు 2.

దశ 4: టీ బడ్డీ పద్ధతి

ఫారాలు మానేశాను. కొత్త పద్ధతి:

1. షో రాత్రి ఏమీ అడగకూడదు.
2. రెండు రోజులు ఆగాలి. గుర్తుండిపోయిందే అభిప్రాయం.
3. మనిషి ఉండే చోటికే మనం వెళ్లాలి. టీ బడ్డీ, బడి వంటగది, గ్రౌండు.
4. ప్రశ్నలు మూడే: ఏ సీను మళ్లీ గుర్తొచ్చింది? ఎక్కడ విసుగొచ్చింది? తప్పు ఎవరిది?
5. ఫోన్‌లో రికార్డు చెయ్యకూడదు. ఫోన్ బయటికి తీస్తే మా మావయ్య కూడా పేపరులా మాట్లాడతాడు. విని, పక్కకొచ్చి వెంటనే రాసుకోవాలి.

17 మంది దొరికారు. 12 మంది మాటలు పనికొచ్చాయి. కొన్ని రాస్తాను.

సినిమాలో వంటవాడు కంపెనీ మొత్తానికి వండుతాడు. తిరిగొచ్చింది సగం మంది. ఆ అన్నమంతా మాకే పెట్టు అని వాళ్లు, లెక్క ప్రకారమే పెడతానని వాడు. ఆ సీనుకి మా షోలో నవ్వారు. వాడి పిసినారితనం చూసి నేనూ నవ్వాను. వంట అప్ప మాత్రం ఇలా అంది: ‘పిల్లలు రానినాడు అన్నం మిగిలితే నాకు ముద్ద దిగదు. ఆడు పిసినారోడు కాదు బావూ. అంతమందికి వండీసినాడు కదా, అంతమందీ ఉన్నారనే అనుకుంతన్నాడు.’ సబ్‌టైటిల్ రాయడానికి ఆ సీను పదిసార్లు చూశాను. నాకు కనపడలేదు.

బూట్ల సీను (చచ్చిపోతున్న స్నేహితుడి మంచి బూట్లు ఇంకొకడు అడగడం) ఆడవాళ్లలో ముగ్గురికి అసహ్యం కలిగించింది. మావయ్య కొట్టిపారేశాడు. ‘అది దొంగతనం కాదు. కాళ్లు తడిసినోడికి తెలుస్తది.’ ఆయనకి విసుగొచ్చింది గోతిలో ఫ్రెంచి సైనికుడి సీను. పొడిచినవాడే శవం పక్కన కూర్చుని క్షమించమని ఏడుస్తాడు. ‘అంతసేపు మాట్లాడితే రెండో గుండు నీకే.’ ఆ సీనే కుర్రాళ్లలో ఇద్దరికి అన్నిటికంటే గుర్తుంది. మాటలు అర్థం కాకపోయినా.

నవ్విన చోట్లు మొత్తం 4. రెండు హాస్యం, ఒకటి వంటవాడు, ఒకటి పాతకాలం నటన: కళ్లు పెద్దవి చేసి చేతులు ఊపడం.

లెక్కల మాస్టారు కోపంగా ఉన్నారు. ‘చివరికి బళ్లో పంతులే దొరికాడా? ఆవేళ ఊరంతా, పేపర్లంతా, తల్లిదండ్రులంతా అదే మాట అన్నారు కదా. నెపం మాత్రం పాఠం చెప్పినవాడి మీద.’ ఆయన మాటలో న్యాయం ఉంది. రాసుకున్నాను.

ఇప్పటికి: పనికొచ్చే అభిప్రాయాలు 14.

దశ 5: ఒకే గొంతు, రెండో షో

చదవలేనివాళ్లకి వినిపించాలి. మొత్తం డబ్బింగ్ మా వల్ల కాదు. మైకులో ఒకరు కూర్చుని సినిమాతో పాటు చదువుకుంటూ పోవడమే. 1930లో టాకీ మిషన్లు లేని హాళ్లు చాలా ఉండేవి కాబట్టి ఈ సినిమాకే మూకీ కాపీ కూడా తయారు చేశారు. మేం చేస్తున్నది కొత్త సంగతేం కాదు.

చిక్కు భాష దగ్గర వచ్చింది. నేను రాసింది పుస్తకం తెలుగు. ‘మనమెందుకు పోరాడుతున్నామో నాకు అర్థం కావడం లేదు’ అని మైకులో చదివితే కందకంలో సైనికుడు కాదు, ఆకాశవాణి. ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక మాటనే రాయాలని ఆయన జీవితమంతా పోట్లాడితే, వందేళ్ల తర్వాత నేను వెళ్లి గ్రాంథికానికి పక్క వాటాలో దిగాను. కూర్చుని మార్చాను: ‘మనవెందుకు కొట్టుకుంతన్నాం?’ ఆఫీసర్లకీ, మాస్టారికీ మాత్రం బడి తెలుగు ఉంచాను. ఆ తేడా చెవికి పని చేసింది.

1. 1,140 లైన్లలో 430 తీసేశాను. బొమ్మ చెప్తున్నది నోరు చెప్పక్కర్లేదు.
2. అసలు మాట మొదలైన అర సెకను తర్వాత మనం మొదలెట్టాలి. ముందే మొదలెడితే జోస్యం చెప్పినట్టుంటుంది.
3. చదివేటప్పుడు సినిమా శబ్దం మూడో వంతుకి తగ్గించడానికి ఇంకో మనిషి కావాలి. ఒక్కడివల్ల కాదు.
4. 68వ నిమిషం దగ్గర విరామం. గొంతుకి నీళ్లు.

లెక్కల మాస్టారిని బతిమాలి, మొదట్లో ఆ క్లాసు ఉపన్యాసం ఆయన చేతే చదివించాను. మంచి గొంతు, ముప్ఫై ఏళ్ల అలవాటు.

కనుమ రాత్రి షో. 31 మంది, అందులో కొత్తవాళ్లు 19. పండక్కి సెలవు మీద వచ్చిన జవాను ఒకడు వెనక గోడకి ఆనుకుని నిలబడే చూశాడు.

ఉపన్యాసం అయిపోగానే కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఈల కూడా వేశారు. తెర మీద పిల్లలు పుస్తకాలు విసిరేసి కేకలు వేస్తున్నారు, ఇక్కడ వీళ్లూ. మాస్టారు మైకు కింద పెట్టి నాకేసి చూశారు. తర్వాత చాలాసేపటికి కథానాయకుడు పాల్ సెలవు మీద అదే క్లాసుకి తిరిగొస్తాడు. అక్కడ జరిగేది చెప్తే కొత్త పిల్లలు పిరికివాడా అంటారు. అప్పుడు వాకిట్లో ఎవరూ కదల్లేదు. షో అయ్యాక మాస్టారు అన్నది ఒక్కటే: ‘నాకు చప్పట్లు కొట్టారేటి?’

జవాను అభిప్రాయం మూడో రోజు బస్టాండులో దొరికింది, బ్యాగు భుజాన ఉంది. పాల్ సెలవుకి ఊరొస్తే పెద్దమనుషులు మ్యాప్ పరిచి, ఇలా కొట్టాలి, అలా నెట్టాలి అని వాడికే యుద్ధం నేర్పుతారు. ‘అది మా ఇంటి అరుగే అన్నా. ఫోన్లో వీడియో చూపించి, అక్కడ ఇలా జరిగిందంట కదా అని నాకే చెప్తారు. నేను ఊఁ అంటాను.’ విసుగొచ్చిందెక్కడ అంటే ఎక్కడా లేదన్నాడు. తప్పెవరిది అంటే బస్సొచ్చింది.

సీతాకోకచిలుక ముగింపు (పాల్ దానికోసం చెయ్యి చాచి గుండు దెబ్బకి పోవడం) కొత్తవాళ్లలో ఆరుగురు చెప్పారు. నవలలో అది లేదు. తెర మీద కనపడే ఆ చెయ్యి దర్శకుడిదేనని చెప్తే ఒకావిడ నొచ్చుకుంది, ‘చెప్పకుండా ఉండాల్సింది’ అని. నిజమే, ఇలాంటి సంగతులు అభిప్రాయం తీసుకున్నాకే చెప్పాలి. ఇంకో సంగతి బాగా నడిచింది: పాల్‌గా వేసిన ల్యూ ఏర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని, వైద్య సేవకుడిగా వెళ్లాడు. మావయ్య అరగంట ఆలోచించి, ‘అది ఇంకా కష్టం’ అన్నాడు.

ఈ సినిమా మీద వచ్చిన వాటిలో గట్టి ‘ప్రేక్షకాభిప్రాయం’ 1930 డిసెంబరులో బెర్లిన్‌లో వచ్చింది. గోబెల్స్ మనుషులు హాల్లో కంపు బాంబులు వేసి తెల్ల ఎలుకల్ని వదిలారు. కొద్ది రోజుల్లోనే జర్మనీలో నిషేధించారు. మా షోలో ఒక కుక్క తెర వెనక మొరిగింది, అంతే.

కొత్త 19 మందిలో 15 మందిని కలిశాను, 11 పనికొచ్చాయి. ఖర్చు: అద్దె 600, మైకు వైరు 180, టీలు, మిక్చరు 520.

ఇప్పటికి: ఖర్చు 4,048, గంటలు 69, వేర్వేరు మనుషులు 42, పనికొచ్చే అభిప్రాయాలు 25.

దశ 6: కొత్త సినిమాతో పోల్చడం

2022లో ఎడ్వర్డ్ బెర్గర్ జర్మన్ భాషలో తీసిన సినిమాని స్నేహితుడి ఇంట్లో టీవీలో ఏడుగురం చూశాం. మిరపకాయ బజ్జీలు 150. మొత్తం ఖర్చు 4,198.

పెద్దగా రాయడానికి లేదు. మొదట్లో చచ్చినవాళ్ల బట్టలు ఉతికి, చిరుగులు కుట్టి, కొత్తవాళ్లకి ఇచ్చే వరస అందరికీ నచ్చింది. మా స్నేహితుడి తమ్ముడు టైలరు, ఆ మిషన్ల చప్పుడుకే లేచి కూర్చున్నాడు. సంగీతంలో ఉలిక్కిపడేలా వచ్చే మూడు స్వరాలు సంగీత దర్శకుడు వాళ్ల ముత్తవ్వ హార్మోనియం మీద వాయించినవి. భజన మండలి హార్మోనిస్టు నమ్మలేదు, రెండుసార్లు వెనక్కి తిప్పించి విన్నాడు. కానీ ఇందులో పాల్ ఊరికి రావడమే లేదు. అరుగు లేదు, మ్యాపు లేదు, క్లాసుకి తిరిగి రావడం లేదు. మావయ్య లెక్కలో అది పెద్ద లోటు: ‘పోరు బాగా తీశాడు. ఇల్లు మర్చిపోయాడు.’

మిగిలిన పని

1. తెలుగు మాటలే ఒడియా లిపిలో రాసిన సబ్‌టైటిల్స్. 200 లైన్లు అయ్యాయి. కుర్రాళ్లకి చూపిస్తే చదివారు.
2. సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో ఒక షో. అక్కడ చదువు తెలుగే కాబట్టి అక్షరాల గొడవ ఉండదు. ఫలితం వేరుగా వస్తుందా చూడాలి.
3. ఫ్లెక్స్ చుట్టేటప్పుడు మడత పడింది. గొట్టానికి చుట్టాలి.

ఇంకొకటి. మొన్న కుర్రాళ్లలో ఒకడు కొట్టుకొచ్చాడు. 1.6 కిలోమీటర్లు షో ముందు 5 నిమిషాల 48 సెకన్లు ఉండేది, ఇప్పుడు 5:36. ‘అన్నా, మాస్టారు చదివిన ఆ స్పీచ్ రికార్డు ఉందా? వాట్సాప్‌లో పెట్టు, పరిగెట్టేటప్పుడు వింటాను.’ మైకు రికార్డు ఉంది. రెండు రోజులు పంపలేదు. మాస్టారిని అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. ‘పంపు. నా తర్వాత రెండోసారి క్లాసులో పాల్ మాట్లాడేది కూడా దానికే అతికించి పంపు. మధ్యలో ఆపకుండా’ అన్నారు.

అతికించాను. 6 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. వాడు పరుగు పూర్తి చేసేదానికన్నా 34 సెకన్లు ఎక్కువ.